మిరపకాయ చెవులూ, నా హెలికాప్టరూ

ఇప్పుడంటే ఏ పెళ్లికి వెళ్లినా తలల మీద డ్రోను జుయ్యిమని తిరుగుతుంది, జనం దాన్ని చూసి జుట్టు సర్దుకుంటారు గానీ, ఆ రోజుల్లో తిరుత్తణిలో మా నేతగాళ్ల వీధి మీద కాకులు తప్ప ఎగిరేవి లేవు. అలాంటి వీధిలోకి రిమోటుతో ఎగిరే హెలికాప్టర్ తెచ్చిన ఘనుణ్ని నేను. తిరువళ్ళూరులో సెల్‌ఫోన్లు రిపేరు చేసే అంగట్లో అప్పుడే చేరాను. ఫోను విప్పి మళ్లీ బిగించినవాడు లోకంలో దేన్నయినా బిగించగలడని నాకు గట్టి నమ్మకం (అంగడి ఓనరుకు నా మీద ఆ నమ్మకం లేదు). చెన్నై నుంచి ఒక పెట్టె తెప్పించుకున్నాను. అందులో హెలికాప్టర్ లేదు. హెలికాప్టర్ కాగలిగిన స్క్రూలు, కడ్డీలు, బుల్లి మోటార్లు, ఒక బ్యాటరీ, రెండు పొడుగాటి రెక్కలు, చీమతలకాయంత అక్షరాల ఇంగ్లీషు పుస్తకం ఉన్నాయి.

మగ్గం పక్కన చాప పరిచి బిగించడం మొదలుపెట్టాను. అవ్వ వక్క నములుతూ ఎదురుగా కూర్చుంది. “పైన అంత పెద్ద ఫ్యాను ఉండాది గదా, తోకకాడ ఈ బుడ్డ ఫ్యాను ఎవురికిరా?” అంది. పైరెక్కలు ఒకవైపు తిరుగుతుంటే కింద ఒళ్లు రెండోవైపు గిర్రున తిరిగిపోకుండా అది పట్టి ఉంచుతుందని విడమరిచి చెప్పాను. “అంటే మీ తాతకు నేను ఉన్నెట్ల” అని అవ్వ తేల్చేసింది. ఇంగ్లీషు పుస్తకంలో కూడా ఇంత స్పష్టంగా లేదు.

మొదటిసారి వీధిలోనే ఎగరేశాను. తోక ఫ్యాను వైర్లు తారుమారుగా కలిపానన్న సంగతి అది పైకి లేచాకే తెలిసింది. గిరగిరా తిరుగుతూ పోయి, నాయన గంజి పెట్టి వీధి పొడుగునా సాగదీసి ఆరబెట్టిన పడుగులో దూరింది. చీర కావాల్సిన నూలంతా రెక్కలకు చుట్టుకుంది. నాయన తిట్టలేదు. కూర్చుని పోగు పోగూ చిక్కు తీస్తూ మధ్యమధ్యలో నావైపు చూశాడు. ఆ చూపు కంటే నాలుగు తన్నినా బాగుండేది. చివరికి, “దీన్ని ఇంగ ఈ వీధిలో చూస్తినా, పొయ్యిలో పెడతా” అన్నాడు. అప్పటినుంచి సెలవు రోజుల్లో దాన్ని ఒళ్లో పెట్టుకుని బస్సెక్కి పూండి చెరువు పక్క బయలుకు పోయి నేర్చుకున్నాను. రిమోటు మీద ఎడమచేతి పుల్లతో పైకీ కిందకీ, కుడిచేతి పుల్లతో ముందుకూ పక్కలకూ. తోక మనవైపు ఉన్నంతసేపు అది చెప్పినమాట వింటుంది. ముక్కు మనవైపు తిప్పిందంటే మాత్రం మన కుడి దానికి ఎడమ. అక్కడే ఎవరైనా బోల్తాపడేది.

ఇంతలో అక్క కూతురి చెవులు కుట్టే సంబరం వచ్చింది. ఆ పిల్లను ఇంట్లో అందరం మిరపకాయ అనేవాళ్లం. అంతకుముందు ఒకసారి కుట్టబోతే ఆసారి వేలు కొరికి, అందరి కాళ్ల సందుల్లోంచి పారిపోయింది (ఆసారి అంటే మావైపు నగలు చేసి చెవులు కుట్టే ఆయన; వేలు చాన్నాళ్లు కట్టుతోనే ఉండింది). ఈసారి అది నాతో ఒప్పందం పెట్టుకుంది. “మామా, హెలికాప్టర్ వచ్చి నా మింద పూలు పోస్తేనే కూచుంటా.” పోయిస్తానని దాని తలమీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాను. అక్క నన్ను పక్కకు లాగి, “రేయ్, పిల్ల నిన్నొకణ్ణే నమ్మి ఒప్పుకునింది. నువ్వు మోసం చేస్తివా, అది ఇంగ జన్మలో ఎవురినీ చెవి తాకనీదు” అంది. నాకు నిద్రపట్టలేదు. ఐస్‌క్రీం కప్పు ఒకటి హెలికాప్టర్ కడుపు కింద బిగించి, మీట నొక్కితే అది ఒరిగి రోజా రేకులు రాలేలా చేశాను.

సంబరం కొండ కింద సత్రంలో. కొండ మీది మురుగుడి మొక్కని పొద్దున్నే పెరట్లో మొట్టలు కొట్టించారు. మిరపకాయకు, మా బావకు, బావ వాళ్ల నాన్నకు, చిన్నాన్నలకు, అందరికీ గుండ్లే, అన్నిటికీ గంధమే. నేను హెలికాప్టర్ బయటికి తీసేలోపు అవ్వ దానికీ గంధం కుంకుమ పెట్టేసింది, అదీ ఒక రెక్కకే. రెండు రెక్కల బరువు సమానంగా లేకపోతే వణికి చస్తుంది అవ్వా అంటే, “బొట్టు తుడిస్తే నా మింద ఆన” అంది. రెండో రెక్కకూ అంతే పెట్టాలి, ఎంతని తెలిసేది? ఆసారి తన సంచిలోంచి బంగారం తూచే తక్కెడ తీశాడు. రెక్కలు ఊడదీసి చెరో పళ్లెంలో పెట్టాం. చిటికెడు కుంకుమ వేస్తూ, ఊదేస్తూ, సరిగ్గా సమానం చేశాడాయన. “ఎన్నో తూచినా గానీ, కుంకుమ తూచేది ఇదే మొదలు” అని నిట్టూర్చాడు.

అన్నీ ఆలోచించాను గానీ ఒకటి మరిచిపోయాను. చెవులు కుట్టేటప్పుడు పిల్ల మేనమామ ఒళ్లో కూర్చోవాలి. మేనమామను నేనే, ఇంకొకడు లేడు. ఈ సంగతి ముహూర్తం దగ్గరపడి, అక్క పిల్లను తెచ్చి నా ఒళ్లో దించాకే నాకు తట్టింది. మా ఇంట్లో కూడా ఎవరికీ తట్టలేదు. రిమోటు పట్టుకునేదెవరు? “ఇట్లియ్యి బామ్మర్దీ” అని బావ ముందుకొచ్చాడు. ఆయన ఆత్తిపట్టు కరెంటు ఫ్యాక్టరీలో బొగ్గెత్తే క్రేను నడుపుతాడు. “టన్నులు టన్నులు ఎత్తుతా ఉండా. ఈ తూనీగ నాకొక లెక్కా?”

తూనీగ చక్కగా లేచింది. అందరూ చప్పట్లు కొట్టారు. అంతలో అది మెల్లగా ముక్కు బావవైపు తిప్పింది. “బావా, ఇప్పుడు కుడి ఎడమ!” అని అరిచాను. “ఏది ఎడమ?” అన్నాడు. “కుడి!” అన్నాను. క్రేనుకు ఇలాంటి బుద్ధులు లేవు పాపం. హెలికాప్టర్ పక్కకు జారుకుంటూ పోయి, పెరటి మూల గోనెపట్ట మీద ఎండుతున్న, పొద్దున గొరిగిన జుట్టు కుప్ప మీద మోకాలెత్తున నిలబడింది. ఆ గాలికి కుప్పంతా లేచింది. పెరడంతా నల్లటి తుఫాను. అందరూ కళ్లు మూసుకున్నారు. తెరిచి చూస్తే, గంధం పూసిన గుండ్లన్నిటికీ మళ్లీ జుట్టు! బావ తలమీద ఆయన తండ్రి నెరిసిన జుట్టు, తండ్రి తలమీద నల్లటి ఉంగరాల జుట్టు. పెద్దాయన తల తడుముకుని, “మురుగా, ఇంత సీక్రంగానా?” అన్నాడు.

మిరపకాయ నా ఒళ్లో నవ్విన నవ్వు ఇప్పటికీ చెవుల్లో ఉంది. ఊపిరాడక నా మీదికి వాలిపోయి నవ్వింది. ఆసారి పిల్ల తల పట్టుకోమని నాకు కన్నుగీటి, ఒక చెవి, ఆ వెంటనే రెండో చెవి కుట్టేశాడు. అదే సమయానికి హెలికాప్టర్ గోడకు కొట్టుకుని, రెక్కలు విరిగి, బోర్లా పడింది. చప్పుడు ఆగిపోయింది. అప్పుడు పిల్ల చెవులు తడుముకుంది. నొప్పి తెలిసింది. పెదవి వణుకుతుండగా నా మొహంలోకి చూసి, “పూలు యాడ మామా?” అని అడిగింది.

అక్క నావైపు చూస్తోంది. పిల్లను అక్క చేతికిచ్చి, పరుగున పోయి, కప్పులో మిగిలిన రేకులు రెండు గుప్పిళ్లా తీసుకున్నాను. చేతులు పైకెత్తి, డబడబడబ అని నోటితో చప్పుడు చేస్తూ, నాకే తోక ఫ్యాను లేనట్టు గిరగిరా తిరుగుతూ వచ్చి దాని గుండు మీద పోశాను. పట్టుపంచెలో ఉన్న మేనమామను ఆ తీరులో చూసి చుట్టాలంతా నోళ్లు తెరిచారు. మిరపకాయ కన్నీళ్లతోనే నవ్వి, “ఇంగోసారి” అంది. నేను వగర్చే దాకా పోయించుకుంది.

ఇప్పుడు మిరపకాయ కాలేజీలో చదువుతోంది. నాకు సొంత డ్రోన్లు ఉన్నాయి, సంబరాల్లో పూలు పోయడమే నా పని. మొన్న మా చుట్టాల పాపకు చెవులు కుట్టారు. డ్రోను బాణంలా వచ్చి, ఒక్క రేకు కూడా పక్కన పడకుండా పోసి వెళ్లింది. పాప పైకైనా చూడలేదు, ఆసారి సూది చూసి గుక్కపట్టి ఏడుస్తూనే ఉంది. నేను రిమోటు పట్టుకుని దిక్కుతోచక నిలబడ్డాను. పక్కనుంచి మిరపకాయ వచ్చి రిమోటు లాక్కుని, నా రెండు గుప్పిళ్లలో పూలు పోసింది.

“మామా,” అంది, “నోటితో చెయ్యి.”

నెత్తి నెరుస్తున్న మనిషిని, నలుగురిలో పరువున్న మనిషిని. అయినా, డబడబడబ అంటూ తిరిగాను.