లేతరంగుల అర

నాగేశ్వరయ్య మామ బజారులోని ఒక బట్టల కొట్టులో నలభై ఏళ్ళు చీరలు చూపించాడు. ఏం కావాలమ్మా అని ఎవరినీ అడిగేవాడు కాదట. మూడు చీరలు విప్పి పరుపు మీద పరిచి, చెయ్యి ముందు దేని మీదికి పోతుందో చూసేవాడు. "నోరు పక్కన కూర్చున్న అత్తకోసం మాట్లాడతాది. చెయ్యికి అత్త లేదు" అని నవ్వేవాడు.

మోకాళ్ళు మొరాయించి ఇంట్లో కూర్చున్నాక ఆ చూపుకు పని లేకపోయింది. అంతలో మనవరాలు అనూహ్య ఆటలు వచ్చిపడ్డాయి. ఆదివారం మధ్యాహ్నం లాస్‌పేటలోని వాళ్ళ హాల్లో ఐదారుగురు చేరతారు. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్ళు తలా ఒక మనిషి అయిపోయి, నేను ఇది చేస్తా, నేను అది చేస్తా అంటారు. అనుకున్నది జరిగిందో లేదో డైస్ చెబుతుంది. ఇలాంటి ఆటల పుస్తకాలు అనూహ్య దగ్గర డజను దాకా ఉన్నాయి.

ఒక దశలో ఆ గుంపు విడిపోయేలా ఉండింది. శిలంబరసన్ అనే అబ్బాయి కోట తలుపు కనబడితే చాలు, పగలగొడతానంటాడు. నివేదితేమో ఆ తలుపు కాపలావాడిని పెళ్ళాం పిల్లల సంగతులు అడుగుతూ కూర్చుంటుంది. ఇద్దరికీ వారం వారం తగవే. మామ మూలన కూర్చుని రెండు వారాలు చూసి అనూహ్యను పిలిచాడు.

"ఒసే, ఆ పిల్లోడికి కత్తి ఇచ్చి పంపు. ఈ పాపకి ఊరూ, పుకారూ ఉండే కథ తియ్యి. ఒకటే చీర ఇద్దరికీ చుడతా ఉండావే!"

రెండు బల్లలయ్యాయి. తగవు పోయింది. అప్పటి నుంచి కొత్తవాళ్ళెవరొచ్చినా ముందు తాత ఎదుట కూర్చోవాలి. ఆయన మూడు పుస్తకాలు పరిచి చెయ్యి చూస్తాడు.

నేను వాళ్ళ మేడ మీద అద్దెకుంటాను. మా ఆయన పోయి ఎనిమిది నెలలు. ఆయన పిలిచినప్పుడు నేను కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నాను. వస్తున్నా అన్నాను, వెంటనే లేవలేదు. వెళ్ళేసరికి ఊపిరి లేదు. ఆ తర్వాత నేనిక కూర్చోలేకపోయాను. అన్నం నిలబడే తింటాను. గ్యాస్ కట్టేశానా అని చూసి వస్తాను, మళ్ళీ వెళ్ళి చూస్తాను. పొద్దున్నే కదిర్కామం దాకా నడిచి, ఎందుకొచ్చానో తెలియక తిరిగి వస్తాను. కాళ్ళు వాచి చెప్పులు పట్టడం లేదు. కూర్చోవాలి అంది డాక్టరమ్మ. ఎట్లాగో చెప్పలేదు.

ఒకరోజు మామ మెట్ల కిందనుంచి అరిచాడు.

"ఏందమ్మా గిరిజా, నా నెత్తిన గానుగ తిప్పతా ఉండావు? ఆదివారం కిందికి రా. ఒక్క గంట చుమ్మా, ఊరికే కూర్చో. కూర్చోబెట్టే పని నాది."

మొదటి వారం కొండమీద టీ కొట్టు నడిపే కథ ఇప్పించాడు. వచ్చినవాళ్ళకు టీ ఇచ్చి వాళ్ళ బాధలు వినాలి. పది నిమిషాలకు కుళాయి కట్టానో లేదోనని లేచాను. రెండో వారం పూలతోట. ఏ మొక్క ఎప్పుడు పూసిందో చెప్పాలి. అంతసేపు కూడా ఆగలేదు. మూడో వారం దూరాన ఉన్న స్నేహితురాలికి ఉత్తరాలు. మొదటి ఉత్తరం ముగియకముందే గుమ్మంలో ఉన్నాను.

"యాడికి?" అన్నాడు మామ. మొహం చిన్నబోయింది. "మూడు తూర్లు వచ్చి ఒట్టి చేత్తో పోయిన మనిషి మా కొట్లోనే లేదే."

బల్ల మీద ఆ మూడు పుస్తకాలూ పక్కపక్కనే ఉన్నాయి. అట్టలు చూశాను. ఒకటి పాలనీలం, ఒకటి గంధం, ఒకటి బూడిద.

"మామా, మీరు నా చెయ్యి చూడలా. బొట్టు లేని నుదురు చూసినారు," అన్నాను.

ఆయన ఆ పుస్తకాలను ఒకదాని మీద ఒకటి పేర్చాడు. తర్వాత అనూహ్యతో చెబుతున్నట్టుగా చెప్పాడు. కొట్లో ఎడమవైపు కింద ఒక అర ఉండేదట, లేతరంగులది. బొట్టు లేని ఆడమనిషి మెట్టెక్కగానే తన చెయ్యి దానంతటదే ఆ అరకు పోయేదట. ఎవరూ చెప్పలేదు, నేర్పలేదు.

"కన్నియమ్మాళ్ అని, వైతికుప్పంలో చేపలమ్మే ఆమె. పైన తగిలించిన మిరపపండు రంగు చీరనే చూస్తా ఉండింది. నేను కిందిది మడత పెట్టి చేతికిచ్చినా. దండం పెట్టి తీసుకునిపాయె."

"ఛీ తాతా!" అంది అనూహ్య.

"తిట్టవే, తిట్టు." నా వైపు తిరిగాడు. "నీకేం కావాలమ్మా?"

"దేన్నయినా కొట్టాల."

శిలంబరసన్ విజిల్ వేశాడు. "అక్కా, ఇట్లా రా! మాకు మనుషులు తక్కువ!"

ఆ బల్ల దగ్గర సముద్రంలోంచి ఒక రాక్షసుడు లేచి ఊరిని మింగుతున్నాడు. నాకొక గొడ్డలి ఇచ్చారు. నా వంతు రాకముందే నరికానన్నాను.

"డైస్ వెయ్యకుండా కొట్టకూడదత్తా!" అంది అనూహ్య.

"నువ్వు వేస్తా ఉండు. నేను కొడతా ఉంటా."

నా గొంతు వీధిదాకా పోయినట్టుంది. పక్కింటి సౌభాగ్యం కిటికీలోంచి తొంగిచూసి, "ఏంది రభస?" అంది. రాక్షసుడి కాలు తెగింది. ఇంకో కాలు తెగలేదు. మరో మూడు దెబ్బలకు నా డైస్ వరసగా తక్కువే పడింది. వాడు నన్నెత్తి బండకేసి కొట్టాడు.

అనూహ్య అరచేత్తో డైస్ మూసేసింది.

"సారీ అత్తా. అది లెక్కలేదు, మళ్ళీ వేసుకో."

"వద్దు. పడింది పడిందే, నా మనిషి చచ్చిపాయె," అన్నాను. "ఇంకో మనిషిని ఇయ్యి. వానికి ఇంకో కాలుంది."

మామ లేచి వచ్చి, కొత్త మనిషిని రాసుకోవడానికి ఒక తెల్లకాగితం నా ముందు పెట్టాడు. ఈసారి పేరేం పెట్టుకుంటావని శిలంబరసన్ అడిగాడు. నేను కుర్చీని బల్ల దగ్గరికి లాక్కుని కూర్చున్నాను.