తూకం అయ్యాక కొసరు

పోతమ్మ దగ్గర చేపలు కొన్న మనిషి, తూకం తగ్గిందని వెనక్కి వచ్చిన రోజు లేదు. ఆవిడ విశాఖ సముద్రపొడ్డున యారాడలో పుట్టి, కొండ దాటి హార్బరు పక్క బస్తీకి కోడలిగా వచ్చింది. మొగుడు సముద్రం మీదికి పోతే ఆవిడ గంప నెత్తిన పెట్టుకుని పోర్టు క్వార్టర్ల మీదికి పోయేది. మొగుడు కాలం చేశాక కూడా ఆ గంప దిగలేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు గానీ, పోతమ్మ విషయంలో అది చెల్లదు. నోరు మహా చెడ్డది, అయినా ఊరంతా ఆవిడకి మంచిదే. బేరమాడిన వాళ్ళని కడుపారా తిట్టి, తక్కెడ సరిగ్గా నిలిచేదాకా తూచి, ఆ తర్వాత పక్కనున్న నెత్తళ్ళలోంచి ఓ గుప్పెడు తీసి వాళ్ళ గిన్నెలో పడేసేది. అది కొసరు. ఆ చిన్న చేపల కోసం క్వార్టర్ల ఆడవాళ్ళు ఎన్ని తిట్లయినా భరించేవారు.

వాళ్ళలో పద్మావతి ఒకతె. గోదావరి జిల్లా మనిషి. భర్తకి పోర్టులో ఉద్యోగమొస్తే ఆయన వెంట విశాఖపట్నం వచ్చింది. కొసరు చాల్లేదని పోతమ్మతో ఏళ్ళ తరబడి తగవులాడింది, పిన్నీ పిన్నీ అంటూనే. తొంభైల నడుమ కార్పొరేషన్ ఎన్నికల్లో ఆ వార్డు ఆడవాళ్ళకి కేటాయిస్తే ఆవిణ్ణి నిలబెట్టారు, గెలిచింది. పేరు ఆవిడదీ, పెత్తనం మొగుడిదీ అనుకున్నారందరూ. మొగుడు కూడా అలాగే అనుకున్నాడు పాపం. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా, పద్మావతి ముందు ఆ ఇంటి పనే చూసుకుంది. మొదటి నెల తిరిగేసరికి ఆయన బుద్ధిగా డ్యూటీకి పోవడం మొదలుపెట్టాడు.

కార్పొరేటరంటే రోడ్లు, కుళాయిలు, వీధి దీపాలు అనుకునే రోజులవి. పద్మావతి మాత్రం నెలనెలా బస్తీలో అంగన్‌వాడీకి వచ్చి కూర్చునేది. పిల్లలకి పెట్టే ఉప్మా తను కూడా తినేది. గుమ్మం ముందు కాలవ మీద బండ లేకపోతే, వేసేదాకా కార్పొరేషన్ వాళ్ళని నిద్రపోనిచ్చేది కాదు. చీమిడి ముక్కని కూడా చూడకుండా ప్రతి పిల్లనీ ఎత్తుకునేది. వెంట వచ్చిన ఉద్యోగులు చాటుగా నవ్వుకునేవాళ్ళు. ఓట్లు లేని వాళ్ళని ఇంతలా ఎత్తుకుని ఏం లాభం అని వాళ్ళ బాధ.

ఆ అంగన్‌వాడీ టీచరు పుష్పకుమారి మంచి పిల్ల. ఆదివారం చర్చి, మిగతా వారమంతా ఈ పిల్లలూ. కేంద్రంలో పిల్లల్ని తూచే కాటా పాడైపోయింది. పైకి రాసింది, వస్తుందన్నారు. ఎప్పుడొస్తుందని అడిగితే అదే మాట మళ్ళీ అన్నారు. ఇలా కాదని ఆ అమ్మాయి పోతమ్మ తక్కెడ అరువడిగింది. తక్కెడనీ నోటినీ వేరు చేయడం ఎవరి తరమూ కాదు గనక, తక్కెడతో పాటు పోతమ్మా వచ్చింది. వాసానికి తక్కెడ వేలాడదీసి, ఒక పళ్ళెం తీసేసి అక్కడ గంప కట్టి, అందులో పిల్లని కూర్చోబెట్టి తూచేది. ఆవిడ పైకి చెప్పిన బరువు టీచరు రాసుకునేది.

మొదటిసారే ఒక కోడలు పిల్ల ఏడ్చింది. బిడ్డ బరువు చాలలేదని పోతమ్మ చెప్పడంతో, పక్కనే ఉన్న అత్తగారు నీ పాలలో ఏముంది గనక అని నలుగురిలో ఎత్తిపొడిచింది. పోతమ్మ ప్రాణం చివుక్కుమంది. జన్మలో ఎవరినీ తక్కువ తూకంతో పంపని మనిషి ఆవిడ. పసిబిడ్డని పట్టుకుని తక్కువ అనడమేమిటి, నోటికి పాపం కాదా అనుకుంది. ఆనాటి నుంచీ గంప పైకి లేస్తుందనిపించినప్పుడల్లా చిటికెనవేలు గంప అంచు మీద వేసి కాస్త నొక్కేది. తల్లులు నవ్వుకుంటూ ఇళ్ళకి పోయేవాళ్ళు. పోతమ్మ లెక్కలో అది పిల్లలకి కొసరు. పుణ్యం చేస్తున్నాననే ఆవిడ నమ్మకం.

ఆ గంపలో కూర్చునే పిల్లల్లో ఆవిడ మనవరాలు ధనశ్రీ కూడా ఉంది. కూతురు చిట్టెమ్మ రొయ్యల కంపెనీలో తొక్కలు తీసే పనికి పోయేది. అల్లుడు బోటెక్కి పారాదీప్ వైపు పోతే ఎప్పుడొస్తాడో గంగమ్మ తల్లికే తెలియాలి. గుంట పెంపకం అమ్మమ్మదే. అసలు కంటే వడ్డీ ముద్దంటారు కదా, ఊరంతటినీ తిట్టే నోరు ఆ పిల్ల ముందు వెన్నయిపోయేది.

ఆ వానాకాలం ధనశ్రీకి దగ్గు పట్టుకుంది. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది. ముద్ద పెడితే బుగ్గన పెట్టుకుని కూర్చునేది. ఆడుకునే పిల్ల గోడ వార చేరగిలబడేది. చిట్టెమ్మ డాక్టరు దగ్గరికి తీసుకెళ్దామంటే, తూకం బాగానే ఉంది కదా, దిష్టి తగిలిందంతే అని పోతమ్మ ఎండు మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. ఎంత విడ్డూరమో చూడండి. వేలు పెట్టింది తనే, ఆ వేలు చెప్పిన బరువు నమ్మిందీ తనే.

తర్వాతి నెల పద్మావతి వచ్చింది. ఎప్పటిలాగే ఒక్కొక్కరినీ ఎత్తుకుంటూ ధనశ్రీ దగ్గరికొచ్చి, ఎత్తుకుని, దించకుండా అలాగే ఉండిపోయింది. బరువెంత అని టీచరుని అడిగింది. చెప్పగానే, సరిగ్గా అంతే బరువని రాసిన ఇంకో పిల్లాణ్ణి రెండో చంకనెత్తుకుంది. ఒక పక్క చెయ్యి లాగేస్తోంది, రెండో పక్క పిల్ల ఉందో లేదో తెలియడం లేదు. ఇద్దర్నీ దించి, ధనశ్రీని తన ఎదుట తూచమంది.

పోతమ్మ తూచింది. పాత అలవాటు కదా, వేలు దానంతటదే గంప మీదికి పోయింది. పద్మావతి చూసింది. అరవలేదు. తల్లులందర్నీ పిల్లలతో వరండాలోకి పంపేసి, పోతమ్మ పక్కన కింద కూర్చుంది.

"పిన్నీ, నాకు చేపలమ్మేటప్పుడు కొసరు తూకానికి ముందు వేస్తావా, అయ్యాక వేస్తావా?"

"అయినాకే. ముందేత్తే అది కొసరేటి, దొంగ తూకం అవుతాది గానీ."

అనేశాక ఆ మాట పోతమ్మ చెవిన పడింది. నోటికి ఎన్నడూ తడుముకోని మనిషి అప్పుడు తడుముకుంది. ఎవరూ తక్కువనిపించుకోకూడదని వేశాననీ, ఆడపిల్లల కళ్ళలో నీళ్ళు చూడలేకపోయాననీ ఎలాగో చెప్పింది.

బరువు చాలని పిల్లలకి ఇక్కడ బలానికిచ్చే పిండి రెండింతలు ఇస్తారనీ, డాక్టరుకి కూడా చూపిస్తారనీ పద్మావతి చెప్పింది. అదంతా పోతమ్మకి కొత్త. "నువ్వు ఇస్తున్నాననుకున్నావు పిన్నీ. వేలు పెట్టిన ప్రతిసారీ ఆ పిల్ల నోటి దగ్గరది తీసేశావు," అంది పద్మావతి.

కోపంగా అంటే పోతమ్మ తిరిగి నాలుగు అనేదే. మెల్లగా అంది కాబట్టి పోతమ్మ మనవరాలిని ఒళ్ళోకి లాక్కుంది. గుంట నాకు దక్కుతుందా అని అడిగింది. పద్మావతి పిల్లని భుజాన వేసుకుని బయటికొచ్చి ఆటో పిలిచింది.

పెద్దాసుపత్రిలో ఆవిడ క్యూలో నిలబడింది, కార్పొరేటరునని చెప్పుకోవాల్సిన చోట గట్టిగానే చెప్పుకుంది, ఫోటో తీసే గదికీ రక్తం తీసే గదికీ పిల్లని తనే మోసింది. చేపల వాసన కొట్టే చీరతో పోతమ్మ వెనకాల నడిచింది. ప్రైమరీ కాంప్లెక్స్, అంటే పిల్లలకొచ్చే క్షయ అని తేల్చారు. నెలల తరబడి మందు వాడాలన్నారు. ఇంకా ఆలస్యమయ్యుంటే ఏమయ్యేదో చెప్పలేం గానీ, చేతులు కాలకముందే తెచ్చారన్నాడు డాక్టరు. ఆ మాట వినగానే పోతమ్మ అక్కడే, అందరి ముందూ, పద్మావతి కాళ్ళ మీద పడబోయింది. పద్మావతి పట్టుకుని లేపి, ముందు పిల్లకి పాలు పట్టమంది.

బస్తీలో పరువు పోయిందనే అనుకుంది పోతమ్మ. తూచిన పిల్లలందర్నీ మళ్ళీ తూచాల్సి వచ్చింది, ఎందుకని అడగరా మరి? పద్మావతి మాత్రం, చేపలు తూచే తక్కెడకి పిల్లల్ని తూచడం రాదు, తప్పు దానిదీ దాన్ని వాడనిచ్చిన మాదీ అని ఊరుకుంది. పుష్పకుమారి కూడా ఆ వేలి సంగతి ఎక్కడా ఎత్తలేదు. మరి కొందరు పిల్లలకి రెండింతల పిండి మొదలయింది. పోతమ్మ ఇంటింటికీ వెళ్ళి, మందు వేసుకుంటున్న మనవరాలిని చూపించి, దగ్గున్న పిల్లల్ని డాక్టరు దగ్గరికి తోలేది. తిట్టుకుంటూనే అనుకోండి.

అడగందే అమ్మైనా పెట్టదు. కౌన్సిలు మీటింగులో పద్మావతి లేచి, నగరంలో ఎన్ని అంగన్‌వాడీల్లో పనిచేసే కాటాలున్నాయని అడిగింది. అన్నిటా ఉన్నాయని ఒకాయన చెప్పాడు. అయితే మా బస్తీకి రండి, మిమ్మల్నే వాసానికి వేలాడదీసి తూచి చూపిస్తానంది. సభంతా నవ్వింది, ఆవిడ కూర్చోలేదు. జవాబు వచ్చేదాకా ప్రతి మీటింగులోనూ లేచింది. చివరికి కాటాలు వచ్చాయి.

కొత్త కాటా వేలాడదీసిన రోజు పద్మావతీ వచ్చింది. పోతమ్మ గంప దించి అంగన్‌వాడీ ముందు నిలబడింది. ధనశ్రీ మందు అప్పటికి చివరికొచ్చింది. పుష్పకుమారి పిల్లని ఉయ్యాల లాంటి గుడ్డలో కూర్చోబెట్టింది. పోతమ్మ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, వేళ్ళలో వేళ్ళు బిగించి, గోడకి ఆనుకుంది. ముల్లు ఊగింది, ఆగినట్టే ఆగి ఇంకొంచెం ముందుకి పోయింది. పాత దొంగ తూకం దాటి పోయింది. టీచరు బరువు పైకి చదివింది. గంగమ్మ తల్లికి మొక్కుకోవాలని నోరు తెరిచిన పోతమ్మ పద్మావతి వైపే తిరిగి దండం పెట్టింది.

"నా గుంటని నాకు మిగిల్చినావు తల్లీ. నీ కడుపు సల్లగుండ," అంది. ఏడుస్తూనే కొంగు ముడి విప్పి, ఇంటి దగ్గర ఉడకబెట్టి తెచ్చిన గుడ్డు ధనశ్రీ చేతిలో పెట్టింది.

"కొసరా పిన్నీ?" అంది పద్మావతి.

"తూకం అయినాకే ఏసినాను. సూసినావు కదా."

ధనశ్రీ అప్పటికే గుడ్డు సగం తినేసింది.