మస్తానమ్మ కొంగు

ఆత్మకూరు నుంచి అనంతసాగరం వెళ్తుంటే, వాన నీళ్లు పొర్లుతున్న చప్టా మీద మా అద్దె కారు జారి పక్కనున్న చెరువులో పడింది. నాది విజయనగరం. ఈత రాదు. దారిలో లిఫ్ట్ అడిగితే ఎక్కించుకున్న ఒకావిడ వెనక సీట్లో ఉంది.

కారు కాసేపు తేలింది. డ్రైవర్ రఫీ భుజంతో తలుపు నెడుతున్నాడు. బయటి నీళ్ల బరువుకి అది కదలడం లేదు.

"తలుపు వదిలెయ్! కరెంటు పోకముందే అద్దాలు దించు!" అని అరిచాను. ఎక్కడో విన్న మాట ఆ క్షణాన గుర్తొచ్చింది.

అద్దాలు దిగాయి. నేను బెల్టు తీసేలోపే నీళ్లు ఒళ్లోకి వచ్చేశాయి. వెనకావిడ అప్పటికే కిటికీలోంచి బయటపడింది. నా చొక్కా పట్టుకుని బయటికి లాగింది.

"నాకు ఈత రాదమ్మా!"

"నాకొచ్చులే నాయనా. కొంగు పట్టుకో, మెడ మాత్రం పట్టుకోబాక!"

రఫీ మా పక్కనే ఈదాడు. గట్టెక్కి వెనక్కి తిరిగేసరికి కారు ముందుకు ఒరిగి మునిగిపోతోంది. బతికామన్న సంబరంలో ముగ్గురం కేకలు పెట్టి నవ్వాం.

ఆవిడ పేరడిగాను.

"మస్తానమ్మ."

అది ముస్లింల పేరనుకునేవాణ్ణి. ఆవిడ నుదుటి మీద కరిగి కారుతున్న కుంకుమ వంక వింతగా చూశాను.

"మాయమ్మ మస్తాన్ దర్గాలో మొక్కుకుంటే పుట్టినాను. ఈ పక్క ఇంటింటికీ ఒక మస్తాన్ ఉండాడు," అంది.

రఫీ తడి చొక్కా పిండుకుంటూ అన్నాడు: "మా ఇంట్లోనే లేడు సార్!"