పళ్ల సంచి

ఎటైనా బయల్దేరాలంటే ఆ ఇంటి పెద్దకోడలు ముందుగా పళ్ల సంచి సర్దుతుంది. లవంగనూనె, దూది, నొప్పిమాత్రలు, ఊడిన పంటి క్యాపు దాచడానికో చిన్న డబ్బీ. ఎవరైనా నవ్వితే, "పంటినొప్పి చెప్పి వస్తుందా?" అని కసురుతుంది. ఆడపడుచు పెళ్లికీ అంతే శ్రద్ధగా సర్దింది. తీరా రైలు దిగి చూస్తే, తను కడిగి గ్లాసునీళ్లలో పెట్టిన అత్తగారి కట్టుడుపళ్లు వంటింటి గట్టుమీదే ఉండిపోయాయి. "నేనే మర్చిపోయాన్లే," అని ఆవిడ అందరికీ చెప్పి, కన్నకూతురి పెళ్లి ఫొటోలన్నింటిలోనూ పెదవులు బిగించుకుని నిలబడింది. ఆ ఆల్బమ్ కోడలు ఇంతవరకూ తెరవలేదు. ఇప్పుడు ఏ ప్రయాణమైనా, తాళం చేతిలో పట్టుకుని గుమ్మంలో ఆగుతుంది. "అత్తయ్యా, ఒక్కసారి నవ్వండి." ఆవిడ పళ్లన్నీ కనబడేలా, ఫొటోకి నవ్వినట్టు నవ్వుతుంది. కోడలు గబుక్కున తాళం వైపు తిరుగుతుంది.