ప్రార్థనకు చోటిచ్చిన కంప్యూటర్లు

మెట్టుగూడలో జకర్యాగారి కొలతల గదిలోకి ప్రేమమణి చెప్పులు విప్పి అడుగుపెడుతుంది. ఉక్కు దిమ్మెలను కొలవడం ఆమె పని. ఫ్యాక్టరీలవాళ్లు తమ కొలిచే సాధనాలను సరిచూసుకునేది ఆ దిమ్మెలతోనే. గది కాస్త వేడెక్కినా ఉక్కు ఉబ్బుతుంది, కొలత తప్పుతుంది. భర్త పోయి దిక్కుతోచక నిలబడ్డ మనిషిని కూర్చోబెట్టి జకర్యాగారు నేర్పిన విద్య ఇది. ఇంట్లో పొయ్యి వెలుగుతోందంటే ఆయన చలవే.

చిక్కల్లా ఆ గదితోనే. ఏసీ ఆగితే ఉక్క, నడిస్తే చలి. హీటర్ పెట్టి చూశారు, అది ఇంకా దండగ. నిరుడు తనిఖీకి వచ్చిన అధికారి, గదిలో నిలకడ లేదని మొహం చిట్లించి వెళ్లాడు. ఈసారీ అదే మాటంటే గుర్తింపు రద్దవుతుంది, దుకాణం మూతపడుతుంది. అది తలుచుకుంటే ప్రేమమణికి అన్నం సహించేది కాదు.

ఆ సమయంలో పక్క వీధిలో కంప్యూటర్లు బాగుచేసే సదాశివ వచ్చి, ఎవరో వద్దనుకున్న అరడజను పాత కంప్యూటర్లను గోడవారగా పేర్చాడు.

"ఇవేం చేస్తాయి సదాశివా?" అని అడిగింది ప్రేమమణి.

"పనికిరాని లెక్కలు జేస్తయ్ అక్కా. లెక్క జేస్తే వేడెక్కుతయ్ గదా, మనకు గా వేడే కావాలె. ఏసీ ఆగకుంట నడుస్తది. గది జెర చల్లగైతే ఇవి గట్టిగ పనిజేస్తయ్, వేడైతే తగ్గిస్తయ్. థర్మామీటర్ తీగె వీటికే కట్టిన."

"పనికిరాని లెక్కలకు జీతాలు తీసుకునేవాళ్లు బోలెడుమంది. పాపం, ఇవి ఉత్తినే చేస్తున్నాయి," అన్నారు జకర్యాగారు.

ప్రేమమణికి నమ్మకం కుదరలేదు. అయినా థర్మామీటర్‌లో అంకె మాత్రం కదలకుండా నిలబడింది.

తనిఖీ రోజు పొద్దున్నే జకర్యాగారి భార్య మేబెల్, చర్చి సంఘంలోని నలుగురు ఆడవాళ్లను వెంటబెట్టుకుని వచ్చింది. వాళ్లలో ఏ పనికైనా ముందు ప్రార్థన ఉండాల్సిందే, అదీ పని జరిగే చోటే. స్కూటర్ కొన్నా స్కూటర్ చుట్టూ నిలబడే చేస్తారు.

"వరండాలో చేసుకుందామా అమ్మగారూ?" ప్రేమమణి అడిగింది.

"తనిఖీ వరండాకా, గదికా?" అంటూ మేబెల్ లోపలికి నడిచింది.

ఐదుగురు మనుషులంటే ఐదు కుంపట్లు. తలుపు మూశారు, కళ్లు మూసుకున్నారు. ప్రేమమణి కళ్లు మాత్రం అంకె మీదే ఉన్నాయి. మేబెల్ ప్రార్థన అంత తొందరగా తెమిలేది కాదు. మామగారి ఊళ్లోవాళ్ల క్షేమం నుంచి ఎత్తుకుంది. అంకె పైకి పాకింది. అన్నం పెట్టిన ఇంటి ఇల్లాలిని బయటికి పొమ్మని ప్రేమమణి ఏ నోటితో అంటుంది?

అంతలో గోడవైపు నుంచి వచ్చే హోరు తగ్గింది. కంప్యూటర్లు ఒక్కొక్కటే నెమ్మదించాయి. అంకె ఆగింది, మెల్లగా దిగి తన చోటికి వచ్చింది. అప్పుడు కళ్లు మూసుకుంది ప్రేమమణి. ఆమేన్ అందరికంటే గట్టిగా చెప్పింది.

మధ్యాహ్నం అధికారి వచ్చి, గది వేడిని నమోదు చేసే కాగితం మీది గీత చూశాడు. ఒకచోట చిన్న బొడిపె కనిపిస్తే వేలు పెట్టి, "పొద్దున ఇక్కడేమైంది?" అన్నాడు.

"ప్రార్థన సార్. ఐదుగురొచ్చారు," అంది ప్రేమమణి.

"ఐదుగురొస్తే కదిలింది ఇంతేనా?" ఆయన ఇంకోసారి చూసి సంతకం పెట్టాడు.

ఆదివారం చర్చిలో, దేవుడు చేసిన మేలు అందరి ముందూ చెప్పుకునే సాక్ష్యాల వేళ ప్రేమమణి లేచి నిలబడింది. దేవునికి, జకర్యాగారికి, ప్రార్థించిన అక్కలకు వందనాలు చెప్పుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "సదాశివకు కూడా. మనం వెళ్తే తమ పని తగ్గించుకుని మనకు చోటిచ్చిన ఆ పాత కంప్యూటర్లకు కూడా," అంది.

నవ్వుతారేమో అనుకుంది. ముందు వరసలోంచి మేబెల్ గొంతు వినిపించింది.

"ఆమేన్."