పైడిరాజు మావ గడ్డం

ఇవాళ పొద్దున నాన్న చెంపలకి సబ్బు నురగ పట్టిస్తుంటే, వేడినీళ్ల ఆవిరితో కలిసిన ఆ వాసనకి పైడిరాజు మావ వచ్చి పక్కన నిలబడినట్టే అనిపించింది. వరసకి మావే గానీ చుట్టం కాదు. అరసవల్లిలో మా పక్కింటాయన, మిలటరీలో చేసి రిటైరైన మనిషి. రోజూ ఆరింటికల్లా పెరటి గోడకి అద్దం తగిలించి, ఎప్పటిదో పాత ఇత్తడి రేజరుతో గడ్డం గీసుకునేవాడు. తన నున్నటి చెంపలంటే ఆయనకి కాస్త గర్వం కూడా ఉండేది. ఉండనీ, అంత నున్నటి చెంపలు మా వీధిలో మరొకరికి లేవు.

నాన్న డ్రిల్లు మాస్టారు. మాసిన గడ్డంతో ఏనాడూ బడి గడప తొక్కలేదు. పక్షవాతం ఆయన కుడిచేతినీ, మాటనీ చాలావరకు పట్టుకుపోయింది. మా వైపు గడ్డం పెరిగిన మగవాణ్ణి చూస్తే దీక్షలో ఉన్నాడనుకుంటారు, లేకపోతే ఇంట్లో ఎవరో పోయారనుకుంటారు. అందుకే ఎవరొచ్చినా నాన్న గోడవైపు తిరిగి పడుకునేవాడు. సెలూనాయన ఇంటికొచ్చేది వారానికోసారి. మిగతా రోజులన్నీ ఆ గోడే. చూడలేక ఒకరోజు ప్లాస్టిక్ రేజరు కొని నేనే గీశాను. మూడుచోట్ల తెగింది. నాన్న కసరలేదు, కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. నేను పెరట్లోకి పోయి ఏడ్చాను.

"ఏటయిందమ్మా?" అని గోడ అవతలనుంచి మావ అడిగాడు. చెప్పాను.

"నొక్కేసుంటావు. రేజరుకి దాని బరువు దానికుంది, మద్దెలో నీ బలమెందుకు? రేపు రా, నేర్పుతాను."

అమ్మకి నచ్చలేదు. "ఆడపిల్ల గెడ్డం గియ్యడమేటి? ఈదంతా నవ్వుతాది."

"నవ్వనీ సెల్లీ. మేస్టారు నవ్వితే సాలు నాకు," అన్నాడు మావ.

మొదటిరోజు ఒక రబ్బరు బుడగ ఊది, దానికి నురగ పూసి నా చేతికిచ్చాడు. బుడగ పేలకుండా నురగంతా గీసెయ్యాలి. నాలుగు పేలాయి, నురగంతా ఆయన మొహానే పడింది. ఐదోది నిలిచింది. అప్పుడు ముక్కాలిపీట మీద కూర్చుని తన చెంప చూపించాడు.

"ముందు ఏడి గుడ్డ ఎయ్యి. ఏలితో తడిమి సూడు, ఎంటికలు ఎటు పడుకున్నాయో అటే గియ్యాల. రెండో సేతితో తోలు లాగి పట్టుకో."

దవడ కింద తెగింది. రేజరు కింద పెట్టేశాను. "సిన్నదే. పటిక రాసి మల్లీ గియ్యి," అన్నాడు. మూడురోజులకోసారి చెంప అప్పగిస్తూ మూడు వారాలు నేర్పాడు. ఆ తర్వాత రేజరు కూడా నాకే ఇచ్చేశాడు.

నాన్నకి గీసిన రోజు జారిన చెంపని ఎడమచేత్తో పైకి లాగి పట్టుకుని, ఊపిరి బిగబట్టి గీశాను. రక్తం చుక్క రాలేదు. నాన్న మంచి చేత్తో చెంపలు రెండుసార్లు తడుముకున్నాడు. తర్వాత అతికష్టం మీద ఒక మాటన్నాడు: "అరుగు." అమ్మా నేనూ కలిసి అరుగు మీద కుర్చీ వేసి కూర్చోబెట్టాం. అటే వెళుతున్న మావ ఆగి, "ఏటి మేస్టారూ, పెళ్లికొడుకునాగున్నారు!" అన్నాడు. నాన్న మూతి వంకర పోయేలా నవ్వాడు. జబ్బు పడ్డాక అదే మొదటి నవ్వు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయింది.

పోయిన ఏడు మావ కాలం చేశాడు. పలకరించడానికి వెళితే, ఆయన భార్య సూరమ్మత్త నా చెయ్యి పట్టుకుని చెప్పింది. "నీకు నేర్పిన దినాల్లోనే మా అన్న కూతురి పెళ్లొచ్చిందమ్మా. పెళ్లికైనా గీసుకోమన్నాను. 'రేపు పాప వస్తాది, దానికి గియ్యడానికి ఏటుంటాది?' అని మాసిన గెడ్డంతోనే వొచ్చీసినాడు. పందిట్లో అందరూ 'ఎవులు పోయారు బావా' అని అడిగేవోరే."

ఆ సంగతి మావ నాకెప్పుడూ చెప్పలేదు. తెలిసేసరికి దండం పెట్టడానికి మనిషి లేడు.

ఇవాళ గీయడం అయ్యాక నాన్న గడ్డం తడిమి చూశాను. ఒక్కచోట గరుకు తగిలింది. వదిలేసినా ఎవరికీ కనపడదు. మళ్లీ నురగ కలిపాను.