అమ్మ చెయ్యందినంత మేర

ప్యాడ్లు కడిగే విషయంలో నాకు పిచ్చి పట్టిందని మా ఆవిడ అంటుంది. కాదనను. ఆత్మకూరులో కార్లకు పాలిష్ పెట్టే షాపు నాది. అనుమసముద్రంపేట దర్గాకు వచ్చిన కార్లు, సోమశిల డ్యామ్ చూసిపోయే కార్లు, పెళ్లికొడుకు ఎక్కాల్సిన కార్లు, అన్నీ దుమ్ము కొట్టుకుని నా దగ్గరికే వస్తాయి. మిషన్‌కు తగిలించే గుండ్రటి స్పాంజి ప్యాడే నాకు కూడు పెట్టేది. పని అయిన మరుక్షణం దాన్ని కడగాలి. టీ తాగొచ్చి కడుగుదాంలే అనుకున్నామా, అందులో పట్టిన పాలిష్ ఎండి గట్టిపడి తర్వాతి కారుకు గీతలు పెడుతుంది. గోరువెచ్చటి నీళ్లలో సోపు లిక్విడ్ వేసి, మెత్తటి బ్రష్‌తో రుద్ది, రెండు అరచేతుల మధ్య పెట్టి ఒత్తాలి. గుడ్డను పిండినట్టు మెలిపెడితే చిరుగుతుంది. నీళ్లు తేటగా వచ్చేదాకా వదలకూడదు. ఎండలో వేస్తే వెనకనున్న పట్టీ జిగురు ఊడుతుంది కాబట్టి నీడలోనే ఆరాలి. ఆరాక ఒక్కోదాన్ని ఒక్కో జిప్ కవర్లో పెట్టి, మీద బరువు పడకుండా అరలో నిలబెట్టాలి.

ఇంత శ్రద్ధగా కడిగిన ప్యాడ్లలో ఒకదాన్ని మాత్రం నేను కడక్కుండా ఉండాల్సింది. జీవితంలో ఆ ఒక్కరోజు బద్ధకించినా సరిపోయేది. ఛీ, నా శుభ్రం తగలెయ్య!

మా అమ్మానాన్నల ఇల్లు ఉదయగిరిలో. నాయన లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగంలో ఉండగానే ఒక చిన్న మెరూన్ రంగు కారు కొన్నాడు, అదీ సెకండ్ హ్యాండ్‌ది. అది ఎక్కువగా తిరిగింది ఇంటికీ చర్చికీ మధ్యనే. నడిస్తే కాసేపట్లో చేరిపోయే చర్చికి కారెందుకంటే మా అమ్మ ఊరుకునేది కాదు. ఆదివారం పొద్దున్నే తలస్నానం చేసి, పాత నూలుచీర నుంచి చింపిన ముక్క తీసుకుని కారు తుడవడానికి నిలబడేది. పొడి గుడ్డే. నీళ్లు చల్లితే చీర తడుస్తుందని ఆమె భయం. గుండ్రంగా, గుండ్రంగా, దోసె పిండి పెనం మీద తిప్పినట్టు తిప్పేది.

"ప్రార్థనకు మనం పోతా ఉండామా, కారు పోతా ఉండాదా? టైమైపోయింది, రామ్మే," అని నాయన గేటు దగ్గర నుంచి అరిచేవాడు.

"దుమ్ముతో తీసకపోయి మందిరం ముందర నిలబెడితే నలుగురూ నన్నంటారు గానీ నిన్నంటారా?" అనేది అమ్మ, చెయ్యి ఆపకుండానే.

అమ్మ పొట్టిది. ముందున్న బానెట్ మీద సగందాకా, పైకప్పు మీద అంచుదాకా, అంతే ఆమె చెయ్యి అందేది. మిగతాది గాలికి వదిలేసేది. "అంత పైన ఎవరు చూస్తారులే," అని తనకు తనే సర్ది చెప్పుకునేది.

నేను నెల్లూరులో ఈ పని నేర్చుకుని వచ్చాక, ఒక ఆదివారం ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడు ఆ బానెట్ చూశాను. దాని మీద ఒకదాని మీద ఒకటి సన్నటి గుండ్రటి గీతలు, సాలెగూడు అల్లినట్టు. కారు మీది ఇసుక రేణువును పొడి గుడ్డతో రుద్దితే అంతే, అది పెయింటును గీరుతుంది. మా పనిలో మొదట నేర్పేది ఆ గీతల్ని చూడడం, రెండోది వాటిని పోగొట్టడం. కొత్తగా నేర్చినవాణ్ణి కదా, నాకు ఒళ్లు మండింది.

"ఏందిమా ఇది! పెయింటంతా నాశనం చేసి పెట్టినావు గదా! ఎవురు చెప్పినారు నీకు పొడి గుడ్డతో తుడవమని? ఇంకోసారి కారు మీద చెయ్యేస్తే ఊరుకోను," అని ఆమె చేతిలోంచి గుడ్డ లాక్కుని కంపచెట్ల మీదికి విసిరేశాను. చర్చికి మాతో పాటు రావడానికి పక్కింటామె అప్పుడే గేటు తీసుకుని వచ్చింది. అంతా ఆమె ముందే జరిగింది.

అమ్మ ముఖం చిన్నబోయింది. "సరేలేరా. నాకేం తెలుసు? నేర్చుకున్నోడివి నువ్వు చెప్తే ఇనాలి గదా," అంది.

ఆ తర్వాత ఆమె మళ్లీ కారు తుడవలేదు. ఆదివారం నేను ఇంట్లో ఉంటే చూసేవాణ్ణి. బైబిలు, పాటల పుస్తకం చంకలో పెట్టుకుని కారు పక్కన నిలబడేది. చెయ్యి కొంగు మీదికి పోయేది, మళ్లీ కిందికి దిగేది. నా మాట వింటోందని నాకు గర్వంగా ఉండేది, ఎంత సిగ్గుమాలిన గర్వం! కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం అన్నం తిని పడుకున్న అమ్మ లేవలేదు. గుండె ఆగిపోయింది.

అమ్మ పోయాక నాయన కారు బయటికి తీయడం మానేశాడు. రోజూ పొద్దున్నే కుర్చీ ఒకటి తెచ్చుకుని వరండాలో కూర్చునేవాడు. ఎదురుగా కారు, దాని వెనక కొండ. ఆయన కొండనే చూస్తున్నాడనుకున్నాను నేను.

ఏడాది తిరిగింది. అమ్మ జ్ఞాపకార్థం ఇంట్లో ప్రార్థన పెట్టుకున్నాం. బంధువుల్ని పిలవడానికి నాయన అనంతసాగరం వెళ్లాడు. ఆయన తిరిగొచ్చేలోపు కారును కొత్తదాన్ని చేసి పెడదామని నాకు ఆలోచన వచ్చింది. అమ్మను అంత మాటన్న పాపం ఎక్కడో లోపల కెలుకుతూనే ఉంది. ఆమె ముచ్చటపడ్డ కారు తళతళలాడితే అది కొంచెమైనా తీరుతుందనుకున్నాను. ఆత్మకూరు నుంచి మిషన్, ప్యాడ్లు, పాలిష్ అన్నీ వేసుకుని పోయాను.

పాత కార్ల పెయింటు మీద ఇప్పటి వాటిలా తేట పూత ఉండదు. మిషన్ తిప్పితే రంగే ప్యాడ్‌కు అంటుకుంటుంది. చూస్తుండగానే ప్యాడ్ ఎర్రబడింది. బానెట్ సగందాకా వచ్చేసరికి గుండ్రటి గీతలు టక్కున ఆగిపోయాయి. అక్కడి నుంచి అవతలికి ఒక్కటీ లేదు. ఒక్క క్షణం మిషన్ ఆపాను. 'పాపం, ఇక్కడిదాకే అందేది అమ్మకు' అనుకుని నవ్వుకున్నాను కూడా. నవ్వుకుని, మళ్లీ స్విచ్ నొక్కాను.

ఆ నవ్వును ఎన్నిసార్లు తలుచుకున్నానో! చూసింది నేనే, గుర్తుపట్టింది నేనే, చెరిపింది కూడా నేనే. తెలియక చేశానని చెప్పుకోవడానికి కూడా లేదు.

పని అవగానే అలవాటు ప్రకారం ప్యాడ్ పట్టుకుని పెరట్లో కుళాయి దగ్గర కూర్చున్నాను. ఒత్తిన కొద్దీ ఎర్రటి నీళ్లు కాలువలోకి పోయాయి. తేటగా వచ్చేదాకా వదల్లేదు. నీడలో గోడకు ఆనించి, చేతులు తుడుచుకుని, నాయన కోసం ఎదురు చూస్తూ కూర్చున్నాను.

సాయంత్రం షేర్ ఆటో దిగి నాయన వచ్చాడు. గేటు దగ్గరే ఆగిపోయాడు. చేతిసంచి కింద పెట్టి కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. బానెట్ దగ్గర వంగి, తల ఒక పక్కకు వాల్చి, వెలుగుకు ఎదురుగా చూశాడు.

"ఎట్టుండాది నాయనా?" అన్నాను.

"బాగుండాదిరా. కొత్తదాని మాదిరి ఉండాది." అరచేత్తో బానెట్ తడిమాడు. "ఈడ గుండ్రంగా గీతలుండాల్నే?"

"పోయినాయి! టార్చేసి చూడు, ఒక్కటుంటే నన్నడుగు."

"పోయినాయంటే యాడికి పోయినాయిరా?"

లెక్కల టీచరు కదా, తీసేసింది ఎక్కడికి పోయిందో తేలాలి ఆయనకు. "పైన పొర సన్నంగా గీకుతాం నాయనా. ఆ పొడంతా ప్యాడ్లోకి వస్తాది," అన్నాను ఉత్సాహంగా.

"ఆ ప్యాడ్ యాడుండాది?"

"కడిగేసినాను. పెరట్లో ఆరతా ఉండాది."

నాయన పెరట్లోకి వెళ్లాడు. నేనూ వెనకే వెళ్లాను. గోడకు ఆనించిన ప్యాడ్ తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. వేలితో ఒత్తాడు. తేట నీళ్లు వచ్చాయి. ఇంకా గట్టిగా ఒత్తాడు. మళ్లీ తేట నీళ్లే వచ్చాయి.

"పని బాగా చేస్తావురా," అన్నాడు. తర్వాత వరండాలోకి వచ్చి కుర్చీలో కూర్చుని, నా వైపు చూడకుండా చెప్పాడు: "పొద్దున ఎండ పడితే మీ అమ్మ చెయ్యి తిరిగిందంతా కనపడతా ఉండె. అందుకే ఈ కుర్చీ ఈడేసుకున్నా."

"నాయనా, నన్ను తిట్టు," అన్నాను ఏడుస్తూ.

"ఎందుకురా? మంచికే గదా చేసినావు," అన్నాడు. నిజంగానే తిట్టలేదు. ఒక్క మాటైనా అనుంటే నాకు కొంచెం ఊపిరాడేది. మర్నాడు ప్రార్థనకు వచ్చినవాళ్లంతా కారును మెచ్చుకున్నారు, మీ అమ్మ చూసుంటే ఎంత మురిసిపోయేదో అన్నారు. నేను లోపలికి పోయి గ్లాసులు కడుక్కుంటూ కూర్చున్నాను.

ఆ ప్యాడ్‌ను మళ్లీ ఏ కారుకూ వాడలేదు. షాపు అరలో అన్నిటికంటే పైన, జిప్ కవర్లో ఉంది. కవర్ తీసి చూస్తే మచ్చయినా లేదు, అంచున రవ్వంత ఎరుపైనా లేదు. అంత శుభ్రంగా ఉన్నందుకే దాన్ని చూస్తే నాకు కోపం.

ఈమధ్య ఒక ఆదివారం నాయన్ను చర్చికి తీసుకెళ్దామని ఉదయగిరి వెళ్లాను. గేటు తీస్తుంటే కారు దగ్గర ఆయన కనపడ్డాడు. కారు నిండా ఎర్ర దుమ్ము. చేతిలో గుడ్డ. ఆ గుడ్డ నాకు తెలుసు, నేను కంపచెట్ల మీదికి విసిరేసిందే. ముళ్లకు చిరిగిన చోట సన్నగా కుట్టు వేసి ఉంది. అమ్మ దాన్ని తెచ్చుకుని, కుట్టుకుని, ఉతికి మడతపెట్టి కార్లోనే ముందున్న అరలో దాచుకుందని నాయన తర్వాత చెప్పాడు.

పొడి గుడ్డతో గుండ్రంగా తుడుస్తున్నాడు. దుమ్ము పెయింటు మీద కరకరమంటుంటే నా పళ్లు జివ్వుమన్నాయి. అంతకంటే వింత, ఆయన మోకాళ్లు వంచి, నడుం కుదించుకుని, సగం కూర్చున్నట్టు నిలబడి తుడుస్తున్నాడు. కాళ్లు వణుకుతున్నాయి.

"ఏంది నాయనా, నడుం పట్టేస్తాది. నిటారుగా నిలబడి తుడువు," అన్నాను.

"నిలబడితే చెయ్యి పైదాకా పోతాదిరా. మీ అమ్మకు ఈడిదాకే గదా అందేది," అన్నాడు.

దగ్గరికి వెళ్లి చెయ్యి చాపాను. "ఆ పక్క నేను తుడస్తా, ఇట్టియ్యి నాయనా."

ఆయన గుడ్డను దగ్గరికి లాక్కున్నాడు. కోపంగా కాదు, మామూలుగానే.

"నువ్వొద్దులేరా. నువ్వు తుడిస్తే గీతలు పడవు," అన్నాడు.